మెల్లగా నడిచేవాడి డిఫెన్సు

మేం చదువుకునే రోజుల్లో గుంటూరుకీ చిలకలూరిపేటకీ మధ్య రోడ్డుకి రెండు వైపులా పత్తి చేలకి పోటీగా ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచాయి. ఒక ఏడాది పత్తి తీసిన చేలో మరుసటి ఏడాదికి మెకానికల్ బ్లాకు లేచి నిలబడేది. అలాంటి ఒక చేలోనే నేను నాలుగేళ్ళు చదివాను. (చదివాను అన్న మాట మా లెక్చరర్ల చెవిన పడకపోతే మేలు.) అప్పుడు నేర్చుకున్న పాఠాల్లో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు గానీ, బాస్కెట్‌బాల్‌లో డిఫెన్సుకి కాళ్ళ వేగం ముఖ్యమా కాదా అన్న విషయం మీద మాత్రం గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

మా కాలేజీకి బాస్కెట్‌బాల్ కోర్టు ఆట మీద ప్రేమతో రాలేదు. తనిఖీకి వచ్చే పెద్దలు ఆటస్థలం కూడా చూస్తారని ఎవరో చెబితే, మేనేజ్‌మెంటు వాళ్ళు హడావుడిగా క్యాంటీన్ వెనక సిమెంటు పోయించి, రెండు బోర్డులు నిలబెట్టారు. వచ్చిన పెద్దలు కోర్టు చూసి బాగుందన్నారు, టీం ఏదని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే మా కొంప ముంచింది. ఆ సాయంత్రమే పీడీ సార్‌ని, అంటే మాకు ఆటలు నేర్పే మాస్టారిని, పిలిచి టీం తయారుచెయ్యమన్నారు. సార్ కబడ్డీ మనిషి. వయసులో ఉండగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఆడి పేరు తెచ్చుకున్నవారు. బాస్కెట్‌బాల్ ఆయనకి తెలియదు, తెలియదన్న సంగతి కూడా ఆయనకి తెలియదు. అందుకని తనకి తెలిసిన దారిలోనే వెళ్ళారు. హాస్టల్లో కబడ్డీ బాగా ఆడే పల్లెటూరి కుర్రాళ్ళని ఐదుగురిని ఏరి, నంబర్లున్న బనియన్లు తొడిగి, ఇదే మన టీం అన్నారు. వాళ్ళ నాయకుడిని మేం మెరుపు అని పిలిచేవాళ్ళం. వాడు మెస్సులో పెరుగు అయిపోతోందని తెలిస్తే మూడో అంతస్తు నుంచి ఎలా దిగేవాడో ఎవరూ కళ్ళారా చూడలేదు. అన్నం ముందు కూర్చున్నాకే కనిపించేవాడు.

టీంలో నేనూ ఉన్నాను. పొడుగ్గా ఉంటానని తీసుకున్నారు, మెల్లగా ఉంటానని బెంచీ మీద కూర్చోబెట్టారు. నా కాళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. మాది నల్లరేగడి ఊరు. వానాకాలం బడికి వెళ్ళాలంటే ఒక్కో చెప్పుకి అరవీశ మట్టి అంటుకునేది, అది దులిపి ఇంకో అడుగు వేస్తే మళ్ళీ అంతే. ఆ ఊళ్ళో పుట్టిన మిగతా వాళ్ళంతా మట్టి వదలగానే మామూలుగా నడిచేవాళ్ళు. నేను మాత్రం తారురోడ్డు మీద కూడా మట్టి ఉన్నట్టే నడిచేవాణ్ణి. నేను బజారుకి బయల్దేరితే, పెళ్ళికూతురు వస్తోంది లేవండర్రా అని అరుగుల మీద వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, ఏం చేస్తాను.

బెంచీ మీద నా పక్కన ఇంకొకడు ఉండేవాడు. చీరాల వైపు నేతపని వాళ్ళబ్బాయి, సోడాబుడ్డి కళ్ళద్దాలు. కాలేజీ మొత్తం మీద ఆ ఆట రూల్సు చదివినవాడు వాడొక్కడే కాబట్టి టీంలో ఉంచక తప్పలేదు, వాదించడం మానడు కాబట్టి లాయరని పేరు పడింది. సార్‌కీ వాడికీ రోజూ సాయంత్రం ఒకటే గొడవ. డిఫెన్సంటే కాళ్ళే అనేవారు సార్. ఎదుటివాడు బంతి పట్టుకుని ఎటు కదిలితే అటు మనం వాడికన్నా ముందు ఉండాలి, దానికి కాళ్ళు కావాలి, కాళ్ళు లేనివాడు క్యారమ్స్ ఆడుకోవాలి. ఈ చివరి మాట అన్నప్పుడు ఆయన చూపు నా వైపు తిరిగేది. లాయరు ఊరుకునేవాడు కాదు.

"ఎక్కడ నిలబడాలో తెలియకపోతే కాళ్ళెందుకండీ? వేగంగా వెళ్ళి తప్పు చోట నిలబడతాం, అంతేగా."

సార్ జవాబు ఒకటే. వాణ్ణి కోర్టు చుట్టూ పరిగెత్తమనేవారు. వాడు పరిగెత్తుతూ కూడా వాదించేవాడు గానీ, అవతలి మలుపు దగ్గర మాటలు సరిగా వినిపించేవి కావు. నేను పైకి ఏమీ అనకపోయినా లోపల లాయరు పార్టీయే. వాడి మాట నిజమైతే నా బతుక్కి ఒక దారి ఉంటుంది మరి.

ఆ చివరి ఏడాది నాకొక చిక్కు వచ్చిపడింది. మా అమ్మ తన తమ్ముడితో, అంటే మా మావయ్యతో, మనవాడు కాలేజీ టీంలో ఆడుతున్నాడని చెప్పేసింది. మావయ్యంటే మా ఊళ్ళో చెడుగుడుకి పెట్టింది పేరు. (ఆయన కబడ్డీ అనడు, ఇప్పటికీ చెడుగుడే.) కూతకి వెళ్ళాడంటే ఇద్దర్ని కొట్టకుండా తిరిగొచ్చేవాడు కాదట. ఆయనకి పిల్లలు లేరు. ఆ ఆటంతా నాలోకి దిగుతుందని నా చిన్నప్పుడు ఆశ పెట్టుకుని, నా నడక చూసి ఆ ఆశ మానుకున్న మనిషి. అలాంటిది అమ్మ మాట వినగానే ఫోన్ చేసి, శనివారం మీ కాలేజీలోనే ఆటంట గదా, వస్తున్నా అన్నాడు. అదే మా ఏడాదికి ఆఖరి మ్యాచ్, నాకైతే మొత్తానికే ఆఖరిది. అప్పటిదాకా నేను ఒక్క మ్యాచ్‌లోనూ గీత దాటి లోపలికి అడుగుపెట్టలేదు. మావయ్య అంత దూరం వచ్చి నన్ను బెంచీ మీద చూసి వెళ్ళిపోతాడన్న ఆలోచనకే నాకు అన్నం సహించలేదు. ఒక్క నిమిషం చాలు, ఆయన చూస్తుండగా లోపలికి వెళ్ళాలి. సార్‌ని అడిగాను. చూద్దాంలే అన్నారు. చూద్దాంలే అంటే ఏమిటో మా కాలేజీలో అందరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం మావయ్య వచ్చాడు. ఊళ్ళోంచి ఇద్దరిని వెంటబెట్టుకుని, ఒకే బండి మీద ముగ్గురూ. తెల్లచొక్కా, కొత్త పంచె. కోర్టు పక్కన గట్టు మీద కుర్చీ వేస్తే కూర్చోలేదు, ఆట చూసేవాడు కూర్చోకూడదని ఆయన పద్ధతి. ఎదుటి టీం సముద్రం వైపు నుంచి వచ్చిన కాలేజీ వాళ్ళు, నిజంగా బాస్కెట్‌బాల్ నేర్చుకున్న పిల్లలు. మా వైపు మెరుపూ వాడి నలుగురూ లోపల, నేనూ లాయరూ బయట. బెంచీ మీద ఉండాల్సిన మిగతా వాళ్ళంతా ల్యాబ్ పరీక్షకి పోయారు.

ఈల మోగింది. మొదటి పావుగంట చూసి నేను లాయరు పార్టీకి రాజీనామా చేద్దామనుకున్నాను. మావాళ్ళ కాళ్ళు అలా ఉన్నాయి. బంతి ఎవరి చేతిలోకి వెళ్ళినా మెరుపు వాడి ముందు ప్రత్యక్షం. అవతలి పిల్లలు బిత్తరపోయి బంతి వదిలేశారు, మేం పాయింట్లు కొట్టాం, సార్ మీసం దువ్వి లాయరు వైపు చూశారు. లాయరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆ తరవాత ఎదుటి టీంలో ఒక పొట్టివాడు బంతి కొట్టుకుంటూ మా బుట్ట వైపు దూసుకొచ్చాడు. ఒక మనిషి ఒంటరిగా మన వైపు దూసుకు రావడమన్నది మావాళ్ళకి పుట్టినప్పటి నుంచి తెలిసిన విషయం. దానికి ఏం చెయ్యాలో బుర్రని అడగక్కర్లేదు. మెరుపూ పక్కవాడూ చటాలున చేతులు పట్టుకుని గొలుసు కట్టారు, మూడోవాడు వెనక నుంచి నడుం పట్టాడు, నాలుగోవాడు పాదం పట్టాడు. పొట్టివాణ్ణి పడుకోబెట్టి గీత దాటకుండా నొక్కి ఉంచారు. గట్టు మీద నుంచి మావయ్య, పట్టంటే అదిరా అని మెచ్చుకున్నాడు. రిఫరీ ఈల నోట్లోనే ఉంచుకుని కాసేపు ఊదడం మరిచిపోయాడు. ఏ తప్పుకి ఊదాలో తేల్చుకోలేకపోయి ఉంటాడు.

ఆ ఆటలో ఒక మనిషి ఐదు తప్పులు చేస్తే బయటికి పంపేస్తారు. మావాళ్ళు వేగం మనుషులు కదా, తప్పులు కూడా వేగంగానే చేశారు. సార్ గట్టు మీద నుంచి పట్టుకోవద్దురా అని అరుస్తూనే ఉన్నారు గానీ, ఎవడైనా దూసుకొస్తే ఆయన చేతులు కూడా గాల్లో నడుం పట్టు పట్టేవి, వాళ్ళు ఆయన మాటని కాక చేతుల్ని చూశారు. మొదట పాదం పట్టేవాడు వెళ్ళిపోయాడు, లాయరు లోపలికి వెళ్ళాడు. తరవాత నడుం పట్టేవాడు వెళ్ళిపోయాడు. సార్ బెంచీ వైపు తిరిగారు. బెంచీ మీద నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన ఇంకెవరైనా ఉన్నారేమోనని క్యాంటీన్ వైపు కూడా చూసి, ఆఖరికి నన్ను లోపలికి వెళ్ళమని తల ఊపారు.

గీత దాటాను. మావయ్య వైపు చూడలేదు, చూస్తే కాళ్ళు ఇంకా బరువెక్కుతాయని భయం. లోపల నా ఆట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నేను ఎవడి దగ్గరికి బయల్దేరినా, చేరేసరికి వాడు అక్కడ ఉండేవాడు కాదు. ఎవరినీ అందుకోలేదు కాబట్టి ఎవరినీ ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోలేదు కాబట్టి నా పేరున ఒక్క తప్పూ పడలేదు. నా పక్కన మాత్రం వేగం ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. మెరుపు అందరికన్నా చివర వెళ్ళాడు, వెళుతూ వెళుతూ కూడా ఒకడి చీలమండ పట్టే వెళ్ళాడు. చూస్తే కోర్టులో మా వైపు నేనూ లాయరూ మిగిలాం. అటు ఐదుగురు. ఇద్దరున్నంతవరకూ ఆట సాగించవచ్చని రూలుందని లాయరు చెప్పాడు, రిఫరీ అవునన్నాడు.

లాయరు నా దగ్గరికి వచ్చి, "బుట్ట కింద నిలబడి చేతులు పైకెత్తు. ఎవరొచ్చినా కదలకు," అన్నాడు. కదలకుండా ఉండటమంటే నాకు చెప్పాలా. అలాగే నిలబడ్డాను. నమ్మండి నమ్మకపోండి, కాసేపు అది పనిచేసింది. ఇద్దరి మీద ఐదుగురం కదా అని ఎదుటివాళ్ళకి తలా ఒక వీరుడవుదామనిపించి, ఎవడికి వాడు దూరం నుంచి బంతి విసిరాడు. బంతి బోర్డుకి తగిలి తిన్నగా నా చేతుల్లోకి వచ్చి పడేది. నేను దాన్ని లాయరుకి ఇచ్చేవాణ్ణి, వాడు దాన్ని పట్టుకుని రూల్సు ఒప్పుకున్నంతసేపూ నిలబడేవాడు. మావయ్యతో వచ్చిన ఇద్దరూ ఈలలు వేశారు. సార్ మీసం మీద నుంచి చెయ్యి తీసేశారు. ఆ కాసేపట్లో నాకు కలిగిన సంతోషం తరవాత డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆ తరవాత వాళ్ళ కోచ్ ఏదో చెప్పాడు. వాళ్ళు విసరడం మానేసి ఒకరికొకరు బంతి అందించుకోవడం మొదలుపెట్టారు. బంతి కుడి వైపు ఉందని నేను కుడికి తిరిగేసరికి ఎడమ వైపు నుంచి బుట్టలో పడి, కింద దొర్లి, నా కాలికే తగిలేది. ఎక్కడ నిలబడాలో తెలిస్తే చాలన్న లాయరు సిద్ధాంతానికీ ఒక హద్దు ఉందని అప్పుడు తెలిసింది. నిలబడాల్సిన చోటు మారుతూ ఉంటే అక్కడికి చేరడానికి మళ్ళీ కాళ్ళే కావాలి. చిత్తుగా ఓడిపోయాం. సార్ మమ్మల్ని కూర్చోబెట్టి, ఇదంతా వేగం చాలకే జరిగిందని, ఆఖరి మ్యాచ్ అయిపోయినా సరే రేపటి నుంచి ఇంకా పొద్దున్నే లేవాలని చెప్పారు.

నేను తల వంచుకుని గట్టు దగ్గరికి వెళ్ళాను. మావయ్య ఎదురొచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు.

"అందరూ అవుటైపోయినా మనోడు ఆఖరిదాకా నిలబడ్డాడు చూశారా," అన్నాడు తన మనుషులతో.

చెడుగుడులో అంతే మరి. పట్టుబడ్డవాడు బయటికి పోతాడు, చివరిదాకా మిగిలినవాడు మొనగాడు. మేం ఓడిపోయాం మావయ్యా అని చెప్పబోయాను. నువ్వుండరా అని నన్ను బండెక్కించి, ఊళ్ళోకి తీసుకెళ్ళి, ప్రతి అరుగు దగ్గరా బండి ఆపి చెప్పాడు. ఐదుగురు పోయినా ఒక్కడే ఆపాడంట. (లాయరు మొదటి అరుగు దగ్గరే కథలోంచి జారిపోయాడు, పాపం.) ఆ రోజు తరవాత నా నడక చూసి పెళ్ళికూతురని ఎవరూ అనలేదు. పాపం మావయ్యకి ఆ ఆట తెలియదు, ఆయన నమ్మకం నేనెందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను. ఊరుకోవడం నా పెద్దమనసని కూడా అనుకున్నాను.

ఇప్పుడు నేను మంగళగిరిలో ఒక ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం చేస్తున్నాను, నా కాళ్ళకి తగినది. ఈమధ్య మావయ్యకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చేయించాం. ఇంటి దగ్గరుంటే మంచం దిగడని మా ఫ్లాటులోనే ఉంచుకున్నాం. రోజూ సాయంత్రం నడిపించమన్నాడు డాక్టరు. మా ఆవిడ నడిపిస్తే పరుగు పెట్టిస్తోందంటాడు, మా అబ్బాయి నడిపిస్తే వాడు ఎప్పుడో ముందుకెళ్ళిపోయి ఉంటాడు. అందుకని ఆ పని నాకు పడింది. మొన్న అపార్ట్‌మెంటు కింద నడుస్తుంటే వాచ్‌మన్‌ని ఆపి మళ్ళీ ఆ కథే ఎత్తుకున్నాడు. ఈసారి ఎదుటివాళ్ళు ఏడుగురయ్యారు. అతను వెళ్ళాక నేను నవ్వుతూ, మావయ్యా, ఇన్నేళ్ళూ చెప్పలేదు గానీ ఆ మ్యాచ్ మేం ఓడిపోయాం అన్నాను.

"నాకు తెలీదంట్రా? బోర్డు మీద అంకెలు నాకూ కనపడ్డాయి."

మరి అలా ఎందుకు చెప్పావని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకుని రెండడుగులు వేసి ఆగాడు.

"ఊళ్ళో అందరూ నీ నడక చూసి నవ్వేవాళ్ళురా. నాకేమో నీ గురించి నలుగురిలో చెప్పుకోడానికి ఒక్క ముక్క దొరికేది కాదు. ఆ రోజు దొరికింది. వదులుకుంటానా?"

పాపం ఆయనకి ఆట తెలియదని ఇన్నేళ్ళూ జాలిపడిన నా పెద్దమనసు తలుచుకుంటే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది, కళ్ళు కూడా కాస్త చెమర్చాయి. ఆయనకి కనిపించకుండా మొహం అటు తిప్పుకుని, ఇంకో రౌండు వేద్దాం పద అన్నాను.

"మెల్లగారా," అన్నాడు.

ఆ ఒక్క విషయం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇద్దరం నడిచాం.