ఎండబెట్టిన ప్లేటు

ఎండకు కాగిన కడపబండ మీద నీళ్లు గుమ్మరిస్తే ఒక వాసన వస్తుంది. మొన్న మా పనమ్మాయి వరండా కడుగుతుంటే అది ముక్కుకు తగిలింది. ఓబులయ్య అయివారు గుర్తొచ్చి, చేతిలోని ఫిడేలు పక్కన పెట్టేశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కొత్త కోడలిగా కడపకు వచ్చిన నాకు ఫిడేలు నేర్పింది పక్కింటి అయివారే. పుట్టుకతో చూపు లేదు, ఒంటరి మనిషి. పాత గ్రామఫోన్ ప్లేటు ఉందంటే చాలు, కర్నూలుకైనా బస్సెక్కేవారు. పెళ్లిలో వాయిస్తే సంభావన వద్దని, ఆ ఇంట్లో మూలన పడిన ప్లేటు అడిగి తెచ్చుకునేవారు. అంచు మీద వేలు తిప్పి ఏది ఏ ప్లేటో చెప్పేసేవారు. అన్నిటిలోకీ ఆయన ప్రాణం ఒకదాని మీదే. చనిపోయిన గురువుగారు వాయించిన కీర్తన అది. ఎంత వెతికినా అలాంటిది ఇంకొకటి దొరకలేదు.

ఒక వేసవిలో ఆయన ఇంటి తాళంచెవి నాకిచ్చి ఊరికెళ్లారు. చూపులేని మనిషికి దుమ్మేం కనబడుతుందని జాలిపడి, నా అతితెలివి కొద్దీ ఆ ప్లేటును కడిగి, మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టాను. గంటలో అప్పడంలా వంకర తిరిగింది.

అయివారు వచ్చి దాన్ని తడిమారు. వంపు వెంట వేలు అటూ ఇటూ తిప్పారు. తిట్టినా బాగుండుననిపించింది.

"ఏడుస్తాండావా?" అన్నారు చివరికి.

"తప్పయిపోయింది అయివారూ."

"ఏడ్సేది తర్వాత. నున్నటి బండలు రెండు యాడన్నా ఉంటే తేపో."

మా ఆయన బండల అంగడి నుంచి మోసుకొచ్చారు. ప్లేటును రెండింటి మధ్య పెట్టి ఎండలో ఉంచాం. పొద్దు వాలాక బండల మీద నీళ్లు చల్లి చల్లార్చాం. ప్లేటు మళ్లీ మోగింది. కానీ పల్లవి ఎత్తుకునేచోట ఫిడేలు నాదం ఊగింది. నాకు ప్రాణం పోయినంత పనయింది.

అయివారు నవ్వారు. "భయపడాకమ్మా. మా గురువు ఆడ అట్లనే ఊపుతాండేవాడు. శానా ఏండ్లకు మళ్లీ సరిగ్గా ఇంటాండా."

నమ్మేశాను.

ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, ప్రొద్దుటూరులో ఒకరింట్లో అదే కీర్తన, అలాంటిదే ఇంకో ప్లేటు మీద విన్నాను. ఆ చోట ఫిడేలు నూలు పట్టినట్టు తిన్నగా పోయింది. పదిమందిలో ఏడ్చేశాను.

ఇప్పుడు నేనూ నలుగురికి ఫిడేలు చెబుతున్నాను. ఆ పల్లవి ఎత్తుకుంటే నా కమాను ఊగుతుంది. తప్పని తెలిసీ దిద్దుకోలేదు. మొన్న ఒక శిష్యురాలు "ఈ ఊపు ఎవరి బాణీ అమ్మా?" అని అడిగింది.

"మా అయివారిది" అన్నాను.