గుర్రుమననివ్వండి

మా అత్తగారు పోయారు. పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, పెరుగు బాగా తోడుకుందని మెచ్చుకుని, మంచం మీద నడుం వాల్చారు. సాయంత్రం టీ తీసుకెళ్తే లేవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం గానీ, అప్పటికే అయిపోయిందన్నారు డాక్టరు. అప్పట్నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అయ్యో, మొన్ననే కదండీ కనబడ్డారు అన్న తరవాత చాలామంది అడిగిన రెండో మాట ఒకటే. "మరి కుక్కల సంగతేంటండీ?" వేరే ఇళ్ళలో ఇలాంటప్పుడు ఇంకేవేవో అడుగుతారు. మా ఇంట్లో మటుకు అదే సరైన ప్రశ్న. ఒకదాన్నొకటి చంపుకోబోయిన రెండు కుక్కల్ని ఒకే ఇంట్లో బతికించడం ఆవిడ రిటైరయ్యాక చేసిన పెద్ద ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎలా చేశారో చెబుదామనే ఇది రాస్తున్నాను. మధ్యలో గొప్పలు చెప్పినట్టుంటే ఓర్చుకోండి. ఆవిడ గురించి గొప్పలు చెప్పకుండా ఉండటం నా వల్ల కాదు.

మా పుట్టిల్లు హనుమాన్ జంక్షన్. హైవే పక్కన లారీల కింద దొరికిన ఆడ కుక్కపిల్లని పాలు పట్టి పెంచుకున్నాను. గోధుమరంగులో గుండ్రంగా ఉండేదని బూరె అని పేరు పెట్టాను. పెళ్ళిచూపుల్లో, నువ్వేమైనా అడుగుతావా అమ్మా అంటే, అడిగేదేం లేదండీ, నాతోపాటు నా కుక్క కూడా వస్తుంది, అది చెప్పాలి అన్నాను. మా అమ్మ ముఖం మాడిపోయింది. కాబోయే మామగారు నేనేదో జోకేశాననుకుని పకపకా నవ్వారు. అత్తగారు నవ్వలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆడా, మగా?" అని అడిగారు. ఆడేనండీ అన్నాను. "మా జిమ్మీ కూడా ఆడదే. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. చూద్దాం" అన్నారు. ఆ మాట కుక్కల గురించేనా, మా ఇద్దరి గురించి కూడానా అని ఇంటికెళ్ళాక మా అమ్మ రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంది.

పెళ్ళయి విజయవాడలో అత్తవారింటికి వచ్చిన రోజున జరిగిన తప్పు బహుశా మన వైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. గుమ్మంలో నేను, మా ఆయన నిలబడ్డాం. నా చేతిలో బూరె గొలుసు. సారెలో బూరెలు గంపలకెత్తి తేవడం చూశాం గానీ నాలుగు కాళ్ళ బూరెని తేవడం ఇదే చూడటం అని మా ఆడపడుచు ఒకటే వేళాకోళం. మాకు దిష్టి తీస్తుంటే ఎవరో, కోడలితోపాటు అదీ కొత్తగా వచ్చిందే కదా, దానికీ తియ్యండి అన్నారు. అందరికీ సరదా పుట్టుకొచ్చింది. వెనకాల చుట్టాలు మూగారు, ముందు ఎర్రనీళ్ళ పళ్ళెం తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు లోపల్నుంచి జిమ్మీని మెడపట్టా పట్టుకుని లాక్కొచ్చి, నీకు చెల్లెలొచ్చిందే చూడు అంటూ గడపకి అవతల నిలబెట్టింది. అటు కదలడానికి లేదు, ఇటు కదలడానికి లేదు. రెండూ ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసుకున్నాయి.

తరవాత వినబడ్డ అరుపులు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. పళ్ళెం ఎగిరిపడింది. గుమ్మమంతా ఎరుపు, అందులో నీళ్ళెన్నో నెత్తురెంతో తెలియలేదు. మా ఆయన వాటి మధ్యలో చెయ్యి పెట్టాడు. కొరికింది బూరె కాదు, ఆయన చేతి ముద్దలు తిని పెరిగిన జిమ్మీయే. కంకణం పక్కనే దిగాయి పళ్ళు. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, ఒక్క కేక కూడా వెయ్యకుండా, వరండాలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీని అడ్డంగా పట్టుకుని రెండింటి మధ్యకీ తోశారు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి కదా. కొట్టుకునే పిల్లల మధ్యలో చెయ్యి పెట్టకూడదు, బెంచీ పెట్టాలి అని తరవాత నాకు చెప్పారు.

కొత్త పెళ్ళికొడుకుని కుట్లు వేయించడానికి తీసుకెళ్ళారు. ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. కోడలు అడుగుపెట్టిన వేళ అలాంటిది అన్నారు పెద్దావిడెవరో, నాకు వినబడేటట్టే. గదిలో మంచం మీద కూర్చుని, రేపు పొద్దున్నే బూరెని తీసుకుని మా ఊరెళ్ళిపోతే ఏమవుతుంది అని ఆలోచిస్తున్నాను. అప్పుడు హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "వేళ మీదా కోడలి మీదా తొయ్యకండి. కుక్కల తప్పు కూడా లేదు. గుమ్మంలో ఎదురెదురుగా నిలబెట్టి చుట్టూ మూగితే మీరూ నేనూ అయినా జుట్లు పట్టుకుంటాం" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ఆవిడకి అమ్ముడుపోయాను.

మర్నాటి నుంచి పని మొదలైంది. ముందు జిమ్మీని పశువుల డాక్టరుకి చూపించారు. వెనక పన్ను ఒకటి లోపల చీము పట్టి ఉంది. ఆ నొప్పితో ఉన్న మనిషి దగ్గరికి కొత్త చుట్టాన్ని తీసుకొస్తే ఏమంటుంది చెప్పు అన్నారు నాతో. ఆవిడకి కుక్కలు కూడా మనుషులే. తరవాత వడ్రంగిని పిలిపించి, హాలుకీ భోజనాల గదికీ మధ్య నడుమెత్తున ఒక కటకటాల తలుపు పెట్టించారు. కొన్నాళ్ళు జిమ్మీ అటు, బూరె ఇటు. వాసన చూసుకోవచ్చు, కరుచుకోవడానికి కుదరదు. తిండి వేరువేరు గదుల్లో, తలుపులు మూసి. తినగానే గిన్నెలు తీసెయ్యాలి. నేల మీద ఎముక గానీ బంతి గానీ కనబడకూడదు. ఎవరైనా చుట్టాలొస్తే ఒకటి గదిలోకి వెళ్ళాల్సిందే. ఇల్లా జైలా అని మామయ్యగారు సణిగేవారు. జైల్లోనే నయమండీ, టైముకి తిండి పెడతారు అనేవారు ఆవిడ.

మూతికి బుట్ట కట్టాలన్నప్పుడు నేను ఏడ్చాను. నేరం చేసినదానిలా ఎందుకండీ కట్టడం అన్నాను. ఆవిడ పుట్టింటివాళ్ళది వ్యవసాయం. నూర్పిళ్ళప్పుడు ఎద్దులకి చిక్కం కట్టేవాళ్ళం, ఎద్దు మీద కోపమొచ్చి కట్టేవాళ్ళమా అన్నారు. ఆ చిక్కంలో కోడిమాంసం ముక్క వేసి పట్టుకుని కూర్చునేవారు, తనంతట తనే మూతి పెట్టేదాకా. కొన్నాళ్ళకి చిక్కం కనబడితే చాలు, బూరె తోకూపుకుంటూ పరిగెత్తుకొచ్చేది.

ఇక పొద్దున్నే బందరు కాలవ గట్టు మీద నడక. రోడ్డుకి ఆ పక్కన జిమ్మీతో ఆవిడ, ఈ పక్కన బూరెతో నేను. ఎదురుపడకూడదు, ఇద్దరం ఒకే దిక్కుగా నడవాలి, గొలుసు బిగించి లాగకూడదు. కుక్కలు ఒకదాన్నొకటి చూసి కూడా పట్టించుకోకపోతే నోట్లో పల్లీ పెట్టాలి. నడుస్తున్నంతసేపూ ఊరుకోలేం కదా, రోడ్డుకి అటూ ఇటూ కేకలేసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. కూరేం చేద్దాం, మీ మామయ్యకి బీపీ మాత్ర ఇచ్చావా, మీ అమ్మ ఫోన్ చేసిందా, అన్నీ రోడ్డు మీదే. పాల బూత్ దగ్గరవాళ్ళకి మా ఇంటి సంగతులు మామయ్యగారికంటే ముందే తెలిసేవి. కొత్తలో మమ్మల్ని చూసినవాళ్ళు, అత్తాకోడళ్ళకి పడటం లేదు, రోడ్డుకి చెరో పక్కన నడుస్తున్నారని ఊరంతా చెప్పుకున్నారు. అది విని ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నెమ్మదిగా మా మధ్య రోడ్డు తగ్గుతూ వచ్చింది. వానాకాలం వెళ్ళేసరికి ఒకే గట్టు మీద, మధ్యలో మేమిద్దరం, చెరో పక్కనా చెరో కుక్క. ఆ రోజు ఇంటికొచ్చాక ఆవిడ పాయసం చేశారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పక్కర్లేదు.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పాఠం గుర్రుమనడం గురించి. కటకటాల దగ్గరికి బూరె రాగానే జిమ్మీ గుర్రుమనేది. మామయ్యగారు వెంటనే, నోర్ముయ్ అని గదమాయించేవారు. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "గుర్రుమననివ్వండి. దగ్గరికి రావద్దని చెబుతోంది కదా. ఆ చెప్పడం మాన్పిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది" అనేవారు. గుర్రుమనగానే బూరెని పిలిచి అవతలికి తీసుకెళ్ళడం, అంతే. ఇదే పద్ధతి నాకూ వర్తింపజేశారు. ఓసారి ఆడపడుచు వాళ్ళొచ్చినప్పుడు నన్నడక్కుండా నా చేత ఆఫీసుకి సెలవు పెట్టించారు. నేను మూతి ముడుచుకుని తిరుగుతున్నాను. వంటింట్లోకి వచ్చి, లోపల దాచుకోకమ్మాయ్, గుర్రుమను అన్నారు. నాకు నవ్వాగలేదు. నిజంగానే గుర్రుమన్నాను. సరే, ఈసారి అడుగుతాను అన్నారు, అడిగారు కూడా. మా ఇంట్లో అప్పట్నుంచీ అత్తాకోడళ్ళు గుర్రుమనుకోవడమే గానీ పోట్లాడుకోవడం లేదు.

అంతా సర్దుకుంటోందనగా మళ్ళీ కొంప మునిగింది. సెలవులకి వచ్చిన మా ఆడపడుచు, ఇంకా ఎన్నాళ్ళు వదినా, పాపం కలిసుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో అంటూ, వారించేలోపే అడ్డతలుపు తీసేసింది. చేతిలో బిస్కెట్ కూడా ఉంది. జిమ్మీ చెవి చీరుకుపోయింది. మామయ్యగారికి జిమ్మీ అంటే ప్రాణం, తన పళ్ళెంలో ఇడ్లీ దానికి పెట్టకుండా తినేవారు కాదు. ఆ చెవి చూసి, రేపే ఆ కుక్కని జంక్షన్ పంపించెయ్యండి అన్నారు. అన్నట్టే మర్నాడు పొద్దున్న ఆటో తెచ్చి గేటు ముందు పెట్టించారు.

నేను బూరెకి గొలుసు కట్టాను. దాంతోపాటు నా బట్టలు కూడా ఒక బ్యాగులో సర్దుకున్నాను. మళ్ళీ వస్తానో రానో నాకే తెలియదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. గదిలోంచి బయటికి వస్తుంటే అత్తగారు ఆ బ్యాగు చూశారు. నేరుగా వరండాలోకి వెళ్ళి మామయ్యగారి ముందు నిలబడ్డారు.

"పంపాలంటే జిమ్మీని పంపుదామండీ. దాన్ని తెచ్చుకుంది నేను, పంపే హక్కు నాకుంది. ఆ పిల్ల తెచ్చుకున్నదాన్ని పంపే హక్కు ఈ ఇంట్లో ఎవరికీ లేదు."

జిమ్మీ ఆవిడ మంచం కింద తప్ప ఎక్కడా పడుకోదు. ఆ సంగతి మామయ్యగారికి నాకంటే బాగా తెలుసు. ఆఖరికి ఆయన తనే వెళ్ళి ఆటోని పంపించేసి వచ్చారు. అత్తగారు నా వైపు తిరిగి, బ్యాగు లోపల పెట్టేసి రా, ఆ తలుపు గడియ ఇంకాస్త పైకి మార్పించాలి, వడ్రంగికి ఫోన్ చెయ్యి అన్నారు. కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదు. నువ్వు ప్రేమతోనే తీశావు గానీ ప్రేమొక్కటే సరిపోతే మాకీ చాకిరీ ఎందుకే తల్లీ అన్నారంతే.

అవి స్నేహితులయ్యాయని రాస్తే అబద్ధమవుతుంది. ఎన్నడూ కాలేదు. ఒక గదిలో పడుకుంటే చెరో మూల, మధ్యలో మాలో ఒకరు ఉండాలి. కానీ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పన్ను వెయ్యలేదు. చూసినవాళ్ళు, ఇంత కష్టపడ్డారు, ఇప్పటికీ కలవలేదా అని జాలిపడేవారు. ఒకదాన్నొకటి ప్రేమించక్కర్లేదండీ, ఒకే ఇంట్లో బతకడం వస్తే చాలు అనేవారు ఆవిడ. అలా అన్నప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే గర్వం చూడాలి. వీధిలో కుక్కలున్న ఇళ్ళవాళ్ళంతా సలహాకి మా వరండాలోకే వచ్చేవారు.

ఆదివారం రాత్రి ఆస్పత్రి నుంచి ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చి హాల్లో పడుకోబెట్టాం. ఇల్లంతా జనం. లోపలి గదుల్లో కుక్కలు రెండూ ఒకటే గోల. వాటికీ చివరిచూపు ఉండాలి కదా, వదలండి, ఇలాంటి రోజున అవేం కొట్టుకోవు అన్నారు చుట్టాలు. గోడకి ఆనుకుని కూర్చున్న మామయ్యగారు నెమ్మదిగా లేచారు. వద్దండీ, తను ఉంటే ఒప్పుకునేది కాదు, ఒకదాని తరవాత ఒకటే రావాలి అన్నారు.

దగ్గరున్నవాళ్ళని ఆయనే జరగమన్నారు. తనే వెళ్ళి జిమ్మీని తీసుకొచ్చారు. అది ముసలిదైపోయింది, సరిగ్గా నడవలేదు. ఆవిడ పాదాలు వాసన చూసి, పక్కనున్న చాప మీద పడుకుంది. ఆయన దాని పక్కనే కూర్చున్నారు. కొంతసేపటికి దాన్ని లేవదీసి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, గడియ పడిందో లేదో లాగి చూశారు. తిరిగొచ్చి నా వైపు చూశారు.

"అమ్మాయ్, ఇక మన బూరెని తీసుకురా."

తెచ్చాను. బూరె ఆవిడ చేతిని వాసన చూసింది. తరవాత చాపని వాసన చూసింది. నేను గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. దాని వీపు మీద వెంట్రుక కూడా లేవలేదు. జిమ్మీ లేచి వెళ్ళిన చోటనే, ఇంకా వెచ్చగా ఉన్న ఆ చాప మీదే, తల ఆనించి పడుకుంది.