వంకల మేస్త్రి బిగించిన స్టెప్నీ

ఆ గ్యారేజీకి ఏ బండి వచ్చినా ముందు జరిగే తంతు ఒకటే. మేస్త్రి బండి కిందికి దూరేవాడు, ఓ నిమిషం ఏదో గొణిగేవాడు, తర్వాత తల ఒక్కటీ బయటపెట్టి అడిగేవాడు: "ఏ మహానుభావుడండీ ఇది బిగించింది?"

జవాబు కోసం కాదు ఆ అడగడం. బండి యజమాని మొహం మాడిపోవాలి, పక్కన పనిచేసే ఇద్దరు మెకానిక్‌లు కిసుక్కున నవ్వాలి. ఆ ముచ్చట తీరితే తప్ప స్పానర్ చేతికి తీసుకునేవాడు కాదు. పాతికేళ్లుగా ఇదే వరస. ఎదుటివాడి పనిలో వంక దొరకని రోజు ఈయనకి అన్నం సయించదని భార్యే అనేది. వంకల మేస్త్రి అని జనం పేరు పెడితే సిగ్గుపడాల్సింది పోయి, అదేదో బిరుదైనట్టు మురిసిపోయాడు.

పని మాత్రం వచ్చు, కాదనలేం. ఆ పని నలుగురికీ నేర్పాలని, శిక్షణ కేంద్రంలో బోధకుడు అనిపించుకోవాలని అతని కోరిక. నాలుగేళ్లు దరఖాస్తులు పెట్టగా పెట్టగా ఈసారి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరు.

ఆ ఇంటర్వ్యూకి పదిరోజుల ముందు బావమరిది జీపు వేసుకుని గ్యారేజీకి వచ్చాడు. అతనికి బట్టల కొట్టుంది. మెత్తటి మనిషి, సన్నటి చేతులు. కొండలూ గుట్టలూ ఎక్కే జీపు కొని, వారం వారం షాంపూతో కడిగి, కొట్టు ముందు నిలబెట్టి చూసుకునేవాడు.

"బావా, నాలుగు చక్రాలకీ పెద్ద టైర్లు వేయించాను. కింద వేలాడే స్టెప్నీ ఒక్కటే పాత చిన్నది. ఇదిగో, దానికీ పెద్దదే తెచ్చాను. ఎలాగోలా కిందే పట్టించాలి."

"దేనికిరా? మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కడానికా?"

మెకానిక్‌లు నవ్వారు. బావమరిది కూడా నవ్వేశాడు. ఎంత దెప్పినా మొహం మాడ్చుకోని మనిషంటే మేస్త్రికి ఒళ్లు మంట. "మా తమ్ముణ్ణి నలుగురిలో ఏమీ అనకండి" అని భార్య పొద్దున్నే చెప్పి పంపిన మాట ఏ చెవిలోంచి పోయిందో!

జీపుని లిఫ్టు మీద పైకెత్తి, వెనక చక్రం ఒకటి విప్పి చూశాడు. ఉన్న జాగాలో పెద్ద టైరు ఒక పట్టాన ఇమడదు. ముందు గాలి తీసేసి, మెత్తబడ్డ టైరుని గొలుసుతో పైకి లాగి ఇరికించి, తర్వాత గాలి నింపాలి. అంతవరకు సరే. గాలి కొట్టే వాల్వు మాత్రం నేలవైపుకి ఉండాలి. అలా పెడితే టైరు సైలెన్సర్ గొట్టానికి తగులుతోంది. గొట్టాన్ని పక్కకి జరపాలంటే పూటంతా పని. టైరుని బోర్లా తిప్పి, వాల్వు పైకి పెడితే ఇట్టే పట్టేస్తుంది. కాకపోతే గాలి నిండాక అది బిగుసుకుపోతుంది. గాలి తీస్తేగానీ దిగదు, తీద్దామంటే వాల్వు అందదు.

ఇదంతా మేస్త్రికి తెలియక కాదు. తెలిసే, "వీడు ఈ జన్మలో దీన్ని దించుతాడా పెడతాడా" అనుకుని, బోర్లా తిప్పి ఎక్కించేశాడు. విప్పిన చక్రం సందులోంచి పొడుగాటి గొట్టం దూర్చి గాలి నింపి, చక్రం మళ్లీ బిగించి, చేతులు దులుపుకున్నాడు. ఇదే పని ఇంకొకడు చేసుంటే ఆ వీధివీధంతా వినపడేలా ఎగతాళి చేసేవాడు.

ఇంటర్వ్యూ రోజు వంతెన మరమ్మతని బస్సులు ఆపేశారు. మిగిలింది కంకర క్వారీల మీదుగా పోయే దారి. "నేను దింపుతాను, పద బావా" అంటూ బావమరిది పొద్దున్నే జీపుతో గుమ్మం ముందున్నాడు. పదింటికల్లా చేరాలి. మేస్త్రి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, దారి పొడుగునా అతని డ్రైవింగ్‌కి వంకలు పెడుతూ కూర్చున్నాడు.

సగం దారిలో కంకర రాయి గుచ్చుకుని ముందు టైరు పేలింది.

"ఏం పర్లేదు, స్టెప్నీ ఉందిగా!" అని బావమరిది ఉషారుగా హ్యాండిల్ పెట్టి తిప్పాడు. గొలుసు వదులైంది, టైరు అంగుళం కదల్లేదు. గుంజాడు, తన్నాడు.

"గాలి తీయాలిరా. వాల్వు పైనుంది" అన్నాడు మేస్త్రి చివరికి, ఎటో చూస్తూ.

తెల్ల చొక్కాతోనే కిందికి దూరాడు. రిమ్ము రంధ్రంలో అతని మోటు చెయ్యి మణికట్టు దగ్గరే ఇరుక్కుంది. ఏ మహానుభావుడు బిగించాడని బావమరిది ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని ఎదురుచూశాడు. అతను అడగలేదు. "నువ్వు లే బావా, నాది సన్నం" అని తను పడుకుని, చెయ్యి దూర్చి, తాళంచెవితో వాల్వు నొక్కాడు. గాలి బుస్సుమంది. చెయ్యి బయటికొచ్చేసరికి తోలు లేచిపోయి రక్తం కారుతోంది.

టైరు దిగింది, కానీ ఇప్పుడందులో గాలి లేదు. ఒకప్పుడు మేస్త్రి "బొమ్మ" అని వెక్కిరించిన చిన్న పంపును బావమరిది జీపులోనే ఉంచుకున్నాడు. ఆ బొమ్మే నలభై నిమిషాలు ఆయాసపడి గాలి నింపింది.

వెళ్లేసరికి పదకొండున్నర. బల్ల వెనక ముగ్గురు అధికారులు.

"పదింటికి రమ్మంటే ఇదా రావడం?" అన్నాడు కళ్లజోడాయన, మట్టికొట్టుకున్న చొక్కా చూస్తూ.

"టైరు పేలిందండి."

"స్టెప్నీ లేదా?"

"ఉందండి. దిగలేదు. కింద పెద్ద టైరు పట్టించి, వాల్వు పైకి పెట్టి బిగించారండి."

కళ్లజోడాయన పగలబడి నవ్వాడు. "వాల్వు పైకా! ఏ మహానుభావుడయ్యా బిగించింది?"

మిగతా ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మేస్త్రికి బాగా తెలుసు. ఎవడో రోడ్డు పక్క మెకానిక్ అనేస్తే సరిపోయేది, మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తెరిచిన తలుపులోంచి బెంచీ మీద కూర్చున్న బావమరిది కనిపిస్తున్నాడు. చేతికి కట్టుకున్న రుమాలు ఎర్రగా తడిసి ఉంది.

"నేనేనండి."

నవ్వు ఆగింది. కళ్లజోడాయన దరఖాస్తుని మిగతా కాగితాల అడుక్కి తోశాడు. "సరే, మీరు వెళ్లచ్చు."

తిరుగు దారిలో క్వారీలు దాటాక మేస్త్రి అన్నాడు:

"జీపు గ్యారేజీకి తీసుకురా. గొట్టం జరిపి సరిగ్గా బిగిస్తాను."

"ఆదివారం తెస్తాలే బావా. ఎవరూ ఉండరు, తీరిగ్గా చేసుకోవచ్చు."

"వద్దు" అన్నాడు మేస్త్రి. "సోమవారం తీసుకురా. మెకానిక్‌లిద్దరూ ఉన్నప్పుడు."