మైదాతో అతికించిన స్పీకరు

మా మావయ్య రాక్ బ్యాండు నడిపేవాడంటే మా మనవలు నమ్మరు. నేను పరికిణీ కట్టే వయసులో గోపాలపట్నంలో ఓ పాత లారీ షెడ్డులో మావయ్య, మరో ముగ్గురు కలిసి వాయించేవారు. రేవుకి ఓడల మీద వచ్చే నావికుల దగ్గర, గిటారు మోత గింగిరాలు తిరిగే సైకెడెలిక్ పాటల రికార్డులు సంపాదించి, వాటిని వింటూ సొంతంగా పాటలు కట్టేవారు. చెవిలో జోరీగ దూరినట్టుండే ఆ మోత వీధి వీధంతటికీ తలనొప్పి. నాకు మాత్రం ప్రాణం.

డ్రమ్ములు వాయించే అన్న జాలరిపేట వాడు. ఒకరోజు వేటకెళ్ళిన పడవ తిరగబడింది. రెండు రోజులకి శవం ఒడ్డుకొచ్చింది. బ్యాండు ఆగిపోయింది.

నెల తర్వాత చేపల గంప దించుకుని వాళ్ళమ్మ షెడ్డు ముందు నిలబడింది. కొడుకు పోయాక ఆవిడ కంట తడి ఎవరూ చూడలేదట. "నా బిడ్డ ఈడ ఏటి సేసీవోడో ఒక్కపాలి ఇనాల బాబూ" అంది. వాళ్ళ పాట ఎక్కడా రికార్డయి లేదు. ఆదివారం రమ్మన్నాడు మావయ్య.

శనివారం షెడ్డు ఊడుస్తుంటే గిటారు స్పీకరు కాగితపు గరాటు నిండా చీలికలు కనిపించాయి. ఎలుకల పనే అనుకున్నాను. ఆవిడ పాట బాగా వినాలని మైదా ఉడకబెట్టి, పేపరు ముక్కలతో శుభ్రంగా అతికించేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎంత గర్వపడ్డానో!

మర్నాడు ఆవిడ వచ్చి కూర్చున్నాక మావయ్య తీగ మీటితే భజన హార్మోనియంలా మెత్తటి శబ్దం వచ్చింది. స్పీకరు విప్పి చూశాడు. నా మొహం చూశాడు. వీపు పగులుతుందనుకున్నాను. ఆ చీలికలు తనూ ఆ అన్నా కలిసి బ్లేడుతో కోసినవని, బ్యాండు మోతంతా వాటిలోంచే వచ్చేదని చెప్పి, బ్లేడు నా చేతికిచ్చాడు. "ఒలే గుంటా, నువ్వే కొయ్యి. బయపడకు."

అతికించిన ముక్కల మీదుగా కోశాను. పాట మొదలైంది. డ్రమ్ముల ముందు ఎవరూ కూర్చోలేదు. అయినా ఆ మోతకి డ్రమ్ము తోలు దానంతటదే అదిరింది. వాళ్ళమ్మ దాని మీద అరచెయ్యి ఆనించింది. ఒక్కసారిగా గొల్లుమంది. పరుగెత్తి ఆవిడ కళ్ళు తుడవబోతే మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయమ్మని ఏడవనీయే" అన్నాడు.

ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ వాయించలేదు. స్పీకరు పాత సామాన్లలో పోయింది.

చావు జరిగిన ఇంట్లో అందరూ "ఊరుకో, ఊరుకో" అంటారు. ఇన్నేళ్ళలో ఆ మాట నా నోట రాలేదు. వెళ్ళి పక్కన కూర్చుంటాను, వాళ్ళు ఏడ్చినంతసేపూ.