నేరేడు చెవులకు అంటదు

జూన్ నెల రెండో మంగళవారం, ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు పంజాగుట్టలోని మా కార్యాలయం మూడో అంతస్తులో అత్యవసర ఫోను మోగింది. నా పదవీ విరమణకు అప్పటికి ఇంకా ఇరవై నెలలుంది. మందుల ముడిసరుకు తయారుచేసే సంస్థలో ఇరవై ఆరేళ్లు ప్లాంటులో భద్రతాధికారిగా చేశాక, మోకాళ్లు మొరాయించడంతో నన్ను హెడ్డాఫీసుకు మార్చి, రవాణా భద్రతకు మేనేజరును చేశారు. హోదా పెరిగింది. కింద పనిచేసేవాళ్లు మాత్రం నలభై మంది నుంచి ఇద్దరికి తగ్గారు.

రసాయనాలు మోసే ప్రతి బండిలోనూ డ్రైవరు దగ్గర ఒక కార్డు ఉంటుంది. బండిలో ఉన్నదేమిటి, ఒంటికి తగిలితే ఏం చేయాలి, మంటలొస్తే దేనితో ఆర్పాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నవి అందులో ఉంటాయి. మా కార్డుల మీద ఉండే నంబరు నా బల్ల మీది ఫోనుది. నేనా కుర్చీలో కూర్చున్న నాలుగేళ్లలో అది పదకొండుసార్లు మోగింది. అందులో ఏడుసార్లు డ్రైవర్లు దారి అడగడానికి చేసినవే.

ఆ రోజు చేసింది యాదగిరి. మా డీసీఎం వ్యాను నడిపే మనిషి, తొమ్మిదేళ్ల సర్వీసు.

"మేడమ్, మన బండిల ఆయిల్ కారుతుంది. ఫికర్ చెయ్యకుండ్రి, మన్ను పోసినం."

"ఎక్కడున్నావు?"

"అమీర్‌పేటల. మైత్రీవనం ఎన్క గల్లీల."

ఆ బండి నగరం బయటి రింగు రోడ్డు మీదుగా వెళ్లాలి. అక్కడికెందుకు వెళ్లావని అడిగాను.

"మా అక్క బిడ్డ హాస్టల్ల దిగుతుంది మేడమ్. జర ట్రంకు పెట్టె దించి పోదామని..."

పెట్టెను బయటికి లాగుతుంటే దాని ఇనుప మూల ఒక డ్రమ్ముకు గుచ్చుకుంది. అప్పటికి సమయం పది దాటి ఐదు నిమిషాలు. ముప్పై ఏడు నిమిషాలు అతను తనే సర్దుకోవచ్చని చూశాడు. ఏ ఆయిలు అని గట్టిగా అడిగాను.

"కార్డుల నూనె అనే ఉన్నది గద మేడమ్."

ఉంది. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అది అనిలీన్. వ్యాపారంలో దాన్ని అనిలీన్ ఆయిల్ అంటారు, జిడ్డుగా ఉంటుంది గనుక. వంటనూనెకూ ఇంజను నూనెకూ అది ఏ విధంగానూ చుట్టం కాదు. కుళ్లిన చేపల వాసన వేస్తుంది. చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు, ఆ గాలి ఒంటికి అందదు. పెట్రోలులా చటుక్కున అంటుకోదు, డెబ్బై డిగ్రీల వేడి తగలాలి. కార్డును తెలుగులోకి మార్చినప్పుడు ప్రూఫు మీద సంతకం చేసింది నేనే. ఫోను నంబరును మూడుసార్లు, ఆ డెబ్బైని మూడుసార్లు సరిచూశాను. "అనిలీన్ నూనె" అన్న మాటను చూసి కూడా వదిలేశాను.

హైదరాబాదులో రోడ్డు మీద నూనె పడితే ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు మట్టి తెచ్చి పోస్తారు, స్కూటర్లు జారకుండా. అది మంచి పని. ఆ మంచి పనే ఆ గల్లీలో ఎవరో వట్టి చేతులతో చేసి ఉంటారని నాకు తోచింది.

ఎవరూ ముట్టుకోవద్దని, యాభై మీటర్ల దూరం ఖాళీ చేయించమని, పొయ్యిలన్నీ ఆర్పించమని యాదగిరికి చెప్పాను. "మస్తు మంది ఉన్నరు మేడమ్, ఇంటలేరు" అన్నాడు. "నూనె అనకు, విషం అను. అప్పుడు వింటారు" అన్నాను. అగ్నిమాపక కంట్రోలు రూముకు ఫోను చేసి, కిట్ బ్యాగు తీసుకుని దిగాను. మెట్రోలో ఒక్క స్టేషనే. కాని రబ్బరు తొడుగులు, మాస్కులు, పొడి మంటార్పు సిలిండరు ఉన్న బ్యాగును తనిఖీలో ఆపేస్తారు. ఆటో ఎక్కాను. పదకొండు దాటి ఒక నిమిషానికి చేరాను.

ఫైరింజన్ నాకంటే ముందే వచ్చింది. ఘటనాస్థలంలో ఆజ్ఞ స్టేషన్ ఫైర్ ఆఫీసరుది. నా వంటివాళ్లది సలహా మాత్రమే. ఆయన ఇద్దరికి గాలి సిలిండర్ల ముసుగులు వేసి బండి దగ్గరికి పంపుతున్నారు. డ్రమ్మును దొర్లించి చిల్లు పైకి వచ్చేలా పెట్టమన్నాను. అంతటితో కారడం ఆగింది. నాలుగు డ్రమ్ముల్లో తక్కిన మూడూ క్షేమం.

అంతలో దోసెల బండి దగ్గర కేకలు. ద్రవం పారకుండా ఎవరో దాని మీద గోనెసంచులు వేశారు. సంచి అంచు బండి కింది పొయ్యిని తాకింది. తడిసిన గోనె దీపం వత్తిలా పనిచేసి అంటుకుంది, నల్లటి పొగ లేచింది. హోంగార్డు బకెట్‌తో నీళ్లు ఎత్తాడు. నీళ్లు గుమ్మరిస్తే మండుతున్న ద్రవం కొట్టుకుపోయి గల్లీ అంతా పాకేది. ఆఫీసరు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. మా పొడి సిలిండరుతో పదిహేను సెకన్లలో మంట ఆరింది. పొగ తగలకుండా జనాన్ని గాలి వచ్చే వైపుకు జరిపారు.

ఇక మట్టి సంగతి. అది చక్కగా గట్టులా వేసి ఉంది, మ్యాన్‌హోలుకు రెండడుగుల ఇవతల ద్రవాన్ని ఆపింది. ఎవరు వేశారని అడిగితే, నేరేడుపండ్ల గంప పక్కన కూర్చున్న ఆవిడను చూపించారు. పేరు నర్సమ్మ, వయసు యాభై దాటి ఉంటుంది.

"పోరగాండ్లు బండ్ల మీదికెల్లి జారి పడ్తరని నేనే పోసిన. చేతులతోటే సదురు చేసిన. చెప్పులు ఖరాబైతయని ఇడిసి పెట్టిన" అంది.

ఆవిడ పెదవులు నీలంగా ఉన్నాయి. అలా ఉన్నాయేమిటమ్మా అన్నాను.

దోసెల బండి అతను అందుకున్నాడు. "పొద్దుగాలసంది అమ్మేటియి తక్కువ, తినేటియి ఎక్కువ మేడమ్."

"నీ అయ్య సొమ్ము తిన్ననారా?" అని అతని మీద లేచి, ఆవిడ నా వైపు తిరిగింది. "నేరేడుపండ్లమ్మేదాని మూతి నీలంగ ఉండక గులాబి రంగుంటదా అమ్మా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుక చూపించమన్నాను, ఊదారంగు. వేళ్లు, గోళ్లు ఊదారంగు. పండు రంగేదో, విషం రంగేదో చెప్పడానికి ప్లాంటులో నేర్చిన గుర్తులేవీ ఆవిడ దగ్గర పనిచేయలేదు. తలనొప్పిగా ఉందా అంటే, "ఎండకు ఉండదా" అంది. చెమట తుడుచుకోవడానికి కొంగు వెనక్కి తీసింది. అప్పుడు కనిపించింది చెవి. కమ్మ చుట్టూ తమ్మె పలక రంగులో ఉంది.

"నేరేడు చెవులకి అంటదు కదమ్మా" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

మొదటి చికిత్స నీళ్లూ సబ్బూ. బట్టలన్నీ తీసి పదిహేను నిమిషాలు కడగాలి. చర్మం మీద ఉన్నంతసేపు అది లోపలికి ఇంకుతూనే ఉంటుంది. ఫైరింజన్‌లో నీళ్లకు కొరత లేదు. కాని ఆవిడ కొంగు గట్టిగా పట్టుకుంది.

"నలుగురిట్ల చీరిప్పమంటవా? సచ్చినా ఇప్ప."

ఎదురుగా ఆడపిల్లల హాస్టలు. రబ్బరు తొడుగులు వేసుకుని ఆవిడ రెక్క పట్టుకుని నడిపించాను. మెట్లెక్కుతూ రెండుసార్లు తూలింది. వార్డెను గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏంటండీ, ఎవర్ని పడితే వాళ్లని బాత్రూంలోకి తెస్తే ఎలా? మాకు రూల్స్ ఉంటాయి."

"ఈవిడకేమైనా అయితే మీ గేటు దగ్గర ఆపారని రాస్తాను, టైముతో సహా" అని గడియారం చూసుకున్నాను. పదకొండు పద్నాలుగు. వార్డెను పక్కకు తప్పుకుంది.

నీళ్లు పోసింది యాదగిరి మేనకోడలు. ఆ పిల్లకూ తొడుగులిచ్చాను. హాస్టల్లో దిగి గంట అయింది, ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి, అయినా ఒక్క చోటూ వదలకుండా కడిగింది. జుట్టు, గోళ్ల సందులు, చెవుల వెనక, అరికాళ్లు. "నా గంప ఎవలు సూస్తరు?" అని నర్సమ్మ నాలుగుసార్లు అడిగింది. అయిదోసారి అడగలేదు. అప్పుడే నాకు భయం వేసింది. చీరను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టాం. పిల్ల తన నైటీ తెచ్చి తొడిగింది. పదకొండు ముప్పై మూడుకు అంబులెన్సు ఎక్కించాం.

కార్డు వెనక నేను రాసిచ్చింది ఇంతే: పదార్థం అనిలీన్, పది పదికి చేతులకు, కాళ్లకు తగిలింది, కడగడం పూర్తయింది, వేలికి పెట్టి ప్రాణవాయువు కొలిచే పరికరం చూపే అంకెను దయచేసి నమ్మవద్దు. ఆస్పత్రిలో ప్రాణవాయువు పెట్టినా ఆ అంకె ఎనభై అయిదు దగ్గరే ఆగిపోయింది. డ్యూటీ డాక్టరు నా కాగితం చదివి, రక్తం తీయించి దూదికి అద్ది చూశారు. చాక్లెట్ రంగు, ప్రాణవాయువు మోయలేని రక్తం రంగు. మిథిలీన్ బ్లూ అనే మందు ఎక్కించారు. పేరుకు తగ్గట్టే ముదురు నీలం.

కళ్లు తెరిచిన నర్సమ్మ ఆ సిరంజిని చూసింది. "నీలం పోనీకి నీలం మందా? డాక్టర్లు సుత ఎగతాళి చేస్తున్నరు."

రెండు గంటల పదికి చెవులు మామూలు రంగుకు వచ్చాయి. నాలుక మీద నేరేడు మరక మాత్రం అలాగే ఉంది. హోంగార్డును, దోసెల బండి అతన్ని కూడా పరీక్షించి, రాత్రి ఉంచుకుని మర్నాడు పంపేశారు.

విచారణ నివేదిక నేనే రాశాను. దారి తప్పినందుకు యాదగిరిని పదిహేను రోజులు బండి ఎక్కనివ్వలేదు. అదే పేజీలో ప్రూఫు మీది నా సంతకం సంగతీ రాశాను. అది అవసరమా అని మా డైరెక్టరు అడిగారు. దారి తప్పడం వల్ల ద్రవం పారింది, కార్డులో మాట తప్పుగా పడడం వల్ల జనం దాన్ని ముట్టుకున్నారు, రెండూ ఉండాలన్నాను. ఉంచారు.

కార్డు మొదటి వరుస మారింది: "ఇది నూనె కాదు. ఒంటికి తగిలితే విషం." కార్డులను సరిచూసే పద్ధతీ మార్చాను. అంతకుముందు వాటిని మా కెమిస్టులు చదివేవారు, వాళ్లకు తప్పు కనిపించదు, ఎందుకంటే వాళ్లకు విషయం ముందే తెలుసు. ఆ తర్వాత ప్రతి కార్డునూ అచ్చుకు ముందు ఆఫీసు కింద చాయ్ అమ్మే అతనికి ఇచ్చి, ఇది నీ కొట్టు ముందు పారితే ఏం చేస్తావని అడిగేదాన్ని. మిగిలిన ఇరవై నెలల్లో ముప్పై నాలుగు కార్డులు అలా చూశాం, పందొమ్మిది తిరగరాశాం. ప్రమాదంలో మొదట చెయ్యి పెట్టేది ఊరూపేరూ తెలియని మంచి మనిషి. ఆ మనిషికి అర్థమైందే కార్డు.

పోయినవి: అనిలీన్ అరవై రెండు కిలోలు, డ్రమ్ము ఒకటి, గోనెసంచులు మూడు, దోసెపిండి ఒక బకెట్, ట్రంకు పెట్టె ఒకటి, అందులోని పుస్తకాలు పద్నాలుగు, నర్సమ్మ చీర, ఆమె గంప, అందులో మిగిలిన నేరేడుపండ్లు పదకొండు కిలోలు, ఆ ద్రవం అంటిన నా తోలు చెప్పులు ఒక జత. మనుషులెవరూ పోలేదు.