అక్క గుడిసెకు ఇవతల ఆగిన నగరం

మొన్న వనపర్తిలో మా ఇంటికి వచ్చిన అక్క మనవరాలు, తన చదువు కోసం తయారుచేసిన హైదరాబాదు పటాన్ని నా ముందు పెట్టి, ఏ ఏడు నగరం ఎంత పెరిగిందో, ఎక్కడ జనం చిక్కబడ్డారో రంగురంగుల్లో చూపించింది. పాత ఏళ్ల రంగులు అప్పటి లెక్కల కాగితాల నుంచే తీసుకుందట. ఉన్నట్టుండి ఒక పాత ఏటి రంగు చూపిస్తూ, "తాతా, అప్పుడు మా అవ్వ యాడ ఉంటుండె?" అని అడిగింది.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నగరాన్ని కాళ్లతోనే కొలిచేవాళ్లం. సర్కారు ఇళ్ల లెక్కలు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరిన నేను ఎర్రటి గేరు రంగు డబ్బా పట్టుకుని ఊరి చివర గుడిసె గుడిసెకూ తిరిగి, తలుపు మీద నంబరు వేసి, లోపల ఎందరున్నారో రాసుకునేవాణ్ని. తలుపు లేకపోతే గోనెపట్టా మీదే వేసేవాణ్ని, అది నా సొంత తెలివి. అలా తిరుగుతూ అన్నిటికంటే చివర, గుట్ట కింద ఒంటిగా ఉన్న గుడిసె దగ్గరికి వెళితే మా అక్క కనబడింది. వాళ్ల ఊరు పాన్‌గల్‌లో వానలు లేక బావతో మేడలు కట్టే పనికి వచ్చిందని తెలుసుగానీ, నా లెక్కలోకే వస్తుందనుకోలేదు.

చాయ్ పోసింది గానీ, గేరులో కుంచె ముంచగానే చెయ్యి పట్టుకుంది. "మమ్ముల ఈడ రాయకు తమ్మీ. మాది పాన్‌గల్. నాలుగు వానలు పడితే పోతం గద." నాకూ రోషం వచ్చింది, మా అక్కను గుడిసెల్లో రాయడమా అని. నగరం ఆ ముందరి గుడిసెతో అయిపోయిందని రాసి వెనుదిరిగాను.

కొన్నాళ్లకు అక్కడ రోడ్డు పడింది. నేను రాసిన జాబితాలో ఉన్నవాళ్లకే ఇళ్ల జాగాలిచ్చారు. ఎంత తిరిగినా అక్క పేరు ఎక్కించలేకపోయాను. ఆమె ఇంకా అవతలికి జరిగింది, నగరం అక్కడికీ వచ్చింది, మళ్లీ జరిగింది. నన్ను ఒక్క మాటా అనలేదు, "నేనే గద వద్దంటి" అనేది, అదే నన్ను ఎక్కువ కోసింది. చివరికి పాన్‌గల్ చేరకుండానే, ఎవరిదో సగం లేచిన మేడ పక్కన రేకుల షెడ్డులో పోయింది.

ఇప్పుడు ఆకాశం నుంచే ఇళ్ల కప్పులన్నీ లెక్కపెడతారట, ఎవరు వద్దన్నా వినరట. ఆ రోజుల్లోనే ఇది ఉంటే ఎంత బాగుండేది.

పిల్ల ఎదురుచూస్తూనే ఉంది. నేను లెక్క రాసిన ఆ ఏటి రంగు అంచు దాటి, తెల్లగా మిగిలిన చోట వేలు పెట్టాను.

"ఈడ రంగు లేదు గద తాతా."

"నేనే ఎయ్యలేదు బిడ్డా," అన్నాను.