పురికొసతో కుట్టిన రెండో భాగం

ఐదు భాగాల ఆ మాయాలోకం నవలకి నేను ఇంత వీరాభిమానిని ఎలా అయ్యానని ఈ పేజీలో చాలామంది అడిగారు. "చిన్నప్పుడు ఒక స్నేహితురాలు పరిచయం చేసింది" అని ముద్దుగా జవాబులు రాస్తూ వచ్చాను.

ఆ స్నేహితురాలు గౌరి ఇన్నేళ్లకి ఇవాళ నెల్లిమర్ల సంతలో కనిపించింది. వాళ్ల నాన్న అక్కడి జూట్ మిల్లులో పనిచేసేవాడు. పాత పుస్తకాల బండి మీద కొన్న మొదటి రెండు భాగాలకీ అట్టలూడిపోతే, ఆయనే పురికొసతో కుట్టి కూతురికిచ్చాడు. గౌరి రెండోది సగం చదివి ఉండగానే, రెండు రోజుల్లో ఇస్తానని నేను పట్టుకొచ్చేశాను. వాళ్లు ఊరు వదిలి వెళ్లే రోజు పుస్తకం కోసం మా గుమ్మం దాకా వచ్చింది. ఇంట్లో లేనని అమ్మచేత చెప్పించి, తలుపు వెనక కూర్చుని చదువుతూనే ఉన్నాను.

ఇవాళ గౌరి ఆ మాట ఎత్తనేలేదు. వంకాయలు ఏరుతూ అడిగింది.

"ఒసే, ఆ కతలో కోటలో సిక్కుకున్న పిల్లకి ఆళ్లమ్మ దొరికిందేటి?"

"లేదే. ఆవిడ ఎప్పుడో సచ్చిపోయిందని ఆఖర్న తెలుస్తాది."

"పోన్లే. మా పిల్లలకి కత సెప్పినప్పుడు దొరికిందనే అన్నాను."

పుస్తకం తెచ్చిస్తానని అప్పుడైనా అనొచ్చు. అనలేదు, బస్సు వచ్చిందని చెప్పి ఎక్కేశాను. మొన్న నేను పెడితే మీరంతా లైకులు కొట్టిన ఫొటోలోది ఆ పుస్తకమే.

అందుకే పాత జవాబు కొట్టేసి రాస్తున్నాను. నేను దొంగతనం చేసి అభిమానినయ్యాను. మీరెలా అయ్యారో, ముందు మీ అల్మారా చూసుకుని చెప్పండి.